స్క్రిప్ట్ ఒక్కటే సీపీయూ మొత్తం తినేస్తోంది, కాస్త అదుపులో పెట్టేదెలా?

ప్రశ్న:
అన్నలూ, చిన్న సాయం కావాలి. మా ఊరి గ్రంథాలయంలో పాత పత్రికలు స్కాన్ చేశాం, 1,400 పేజీలు. వాటిని టెసరాక్ట్‌తో (బొమ్మలోని అక్షరాలు చదివే ప్రోగ్రామ్) టెక్స్ట్‌గా మార్చే పైథాన్ స్క్రిప్ట్ ఒకటి రాసుకున్నాను, ఒక్కో పేజీ తీసుకుని టెసరాక్ట్‌కి ఇస్తుంది, అంతే. నడుస్తున్నది రెండు కోర్ల చిన్న క్లౌడ్ సర్వర్ మీద, అదే సర్వర్‌లో మా హైస్కూల్ పూర్వ విద్యార్థుల సైట్ కూడా ఉంది. స్క్రిప్ట్ మొదలుపెట్టిన గంటకల్లా సైట్ తెరుచుకోవడం లేదు. వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే తిట్లు. నైస్ 19 (అన్నిటికన్నా చివరి ప్రాధాన్యం) పెట్టి చూశాను, ప్రాసెస్ వాడకాన్ని తగ్గించే సీపీయూలిమిట్ అనే టూల్‌తో 30 శాతం అన్నాను, రెండూ ఏమీ చేయలేదు. ఏ ప్రాసెస్ ఎంత సీపీయూ వాడుతోందో చూపే టాప్ కమాండ్‌లో చూస్తే 190 శాతం దగ్గరే ఉంటోంది (ఒక కోర్ అంటే 100).

జవాబు:
రాత్రి రెండింటికి దానంతటదే నడిచేలా క్రాన్‌లో పెట్టేయ్ బ్రో, ఎవడు చూస్తాడు సైట్.

ప్రశ్న అడిగినవారు:
మన రాత్రే కదన్నా అమెరికాలో ఉన్నవాళ్ళు చూసేది. తిట్టేదీ వాళ్ళే ఎక్కువ.

ఇంకొకరి జవాబు:
ముందు నైస్ సంగతి. చాలామంది దీన్ని పరిమితి అనుకుంటారు, కాదు. బస్సు ఖాళీగా ఉంటే సీటు మొత్తం ఆక్రమించి కూర్చుంటాం, పెద్దవాళ్ళు ఎక్కితే లేచి ఇస్తాం, నైస్ అంటే అంతే. వేరే పని లేనప్పుడు 19లో ఉన్న ప్రాసెస్ కూడా కోర్ మొత్తం వాడుకుంటుంది, కాబట్టి టాప్‌లో 190 కనబడటం తప్పేమీ కాదు. ఇంకో మెలిక ఉంది. లినక్స్ కెర్నెల్‌లో ఆటోగ్రూప్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే (2011లో 2.6.38 వెర్షన్‌తో వచ్చింది) ఒక్కో లాగిన్ సెషన్ ఒక్కో గుంపు అవుతుంది, నైస్ విలువ ఆ గుంపు లోపలివాళ్ళ మధ్యే లెక్కకొస్తుంది. నీ స్క్రిప్ట్ ఒక గుంపు, వెబ్ సర్వర్ ఇంకో గుంపు. పక్క బస్సులో ఎవరు నిలబడితే నీకేం?

సీపీయూలిమిట్ దేని మీద పెట్టావు? పైథాన్ ప్రాసెస్ నంబర్ ఇచ్చావా?

ప్రశ్న అడిగినవారు:
అవునండి, పైథాన్‌దే. ఇప్పుడు మీరు అడిగాక మళ్ళీ చూశాను, టాప్‌లో పైథాన్ 1 శాతం కూడా లేదు, టెసరాక్ట్ అనే వేరే లైన్ 190 చూపిస్తోంది.

అదే జవాబిచ్చినవారు:
దొరికిందిగా. సీపీయూలిమిట్ చేసేది మొరటు పని, ఆ ప్రాసెస్‌కి సిగ్‌స్టాప్ అనే సిగ్నల్ పంపి ఆపుతుంది, సిగ్‌కాంట్ పంపి లేపుతుంది, సెకనుకి చాలాసార్లు. నువ్వు ఆపింది ఎలాగూ ఖాళీగా కూర్చున్న పైథాన్‌ని. తినేది పైథాన్ పుట్టించే పిల్ల ప్రాసెస్ టెసరాక్ట్, అది పేజీకొకటి కొత్తగా పుడుతుంది, కొత్త నంబర్‌తో.

ఒక పని చెయ్యి. టాప్‌లో పైన సీపీయూ వరుస చివర ఎస్‌టీ అని ఒక అంకె ఉంటుంది, సైట్ చచ్చిపోయినప్పుడు అదెంతుందో చెప్పు.

ప్రశ్న అడిగినవారు:
మొదట సున్నా ఉంది. ఇప్పుడు గంట దాటింది, 70 పైన ఉంది! ఏంటిది?

అదే జవాబిచ్చినవారు:
దొంగతనం. నిజంగానే దాని పేరు స్టీల్. నీ సర్వర్ సీపీయూ అడుగుతోంది, కింద ఉన్న అసలు మెషీన్ ఇవ్వడం లేదు. నీది బర్స్ట్ రకం చవక ప్లాన్ అయ్యుంటుంది, కోర్‌కి ఇంత శాతం అని కేటాయింపు, ఖాళీగా ఉన్నప్పుడు క్రెడిట్లు పోగవుతాయి, గట్టిగా వాడితే కరిగిపోతాయి, కరిగాక కేటాయింపుకి కుదించేస్తారు. అప్పుడు నీ స్క్రిప్ట్‌తో పాటు సైట్ కూడా ఆకలితో ఉంటుంది, నైస్ ఎంత పెట్టినా క్రెడిట్లు కరగడం ఆగదు. నీ ప్లాన్ పేజీలో బేస్‌లైన్ ఎంతుందో చూడు.

ప్రశ్న అడిగినవారు:
కోర్‌కి 20 శాతం అని ఉంది. కొన్నప్పుడు అది చదవలేదు.

అదే జవాబిచ్చినవారు:
ఎవరూ చదవరులే. రెండు కోర్లు కలిపి 40. అంటే సైట్‌కి కొంచెం వదిలి స్క్రిప్ట్‌కి 35 లోపు కచ్చితమైన హద్దు పెట్టాలి, దానికి సీగ్రూప్ కావాలి, అంటే కొన్ని ప్రాసెస్‌లని ఒక గుంపుగా కట్టి ఆ గుంపు మొత్తానికి హద్దు పెట్టే కెర్నెల్ సదుపాయం. ఫోన్లో తెలుగు కీబోర్డే ఉంది, అలాగే కొడుతున్నా, సర్దుకో: సుడో సిస్టమ్‌డీ-రన్, దానికి స్కోప్ ఆప్షన్, ప్రాపర్టీగా సీపీయూకోటా 35 శాతం, చివర నీ పైథాన్ కమాండ్ యథాతథంగా. ఇక్కడ 100 అంటే ఒక కోర్, మొత్తం మెషీన్ కాదు. ఆ స్కోప్‌లో పుట్టిన పిల్లలన్నీ అదే హద్దులోకి వస్తాయి, కాబట్టి టెసరాక్ట్ తప్పించుకోలేదు. యూఐడీ ఆప్షన్‌తో నీ యూజర్ పేరు కూడా ఇవ్వు, లేకపోతే తయారైన ఫైళ్ళన్నీ రూట్ (అడ్మిన్ యూజర్) పేరుమీద పడి రేపు వాటిని మార్చడానికి తంటాలు పడతావు. టీమక్స్ అనే టెర్మినల్ టూల్‌లో పెట్టి నడుపు, లాగౌట్ అయితే పోకుండా.

లోపల జరిగేది ఏంటంటే, ప్రతి 100 మిల్లీసెకన్లకి 35 మిల్లీసెకన్ల సీపీయూ ఇస్తారు. రెండు త్రెడ్‌లు (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనులు) ఒకేసారి వాడితే 17 మిల్లీసెకన్లకే కోటా అయిపోయి, మిగతా 83 గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాయి.

మరొకరి జవాబు:
మధ్యలో వస్తున్నా. టెసరాక్ట్ తనంతట తానే ఓపెన్‌ఎంపీ అనే లైబ్రరీతో పలు త్రెడ్‌లు తెరుస్తుంది, అవి ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ కూడా సీపీయూ కాలుస్తాయి. స్క్రిప్ట్ నడిపే ముందు ఓఎంపీ_త్రెడ్_లిమిట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చెయ్యండి. హద్దు పెట్టడం కన్నా ముందు చేయాల్సింది ఇది అని నా అభిప్రాయం, వృథా పోయాక మిగిలినదానికి హద్దు పెట్టుకోవచ్చు. సుడోతో నడుపుతున్నారు కాబట్టి బయట ఎక్స్‌పోర్ట్ చేస్తే సుడో దాన్ని మామూలుగా పారేస్తుంది, పైథాన్ ఫైల్ లోపలే ఓఎస్ ఎన్విరాన్‌లో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
చేశానండి ఇద్దరిదీ. ఒకే పేజీకి టైమ్ కమాండ్ పెట్టి చూస్తే ముందు యూజర్ టైమ్ (కోర్లన్నీ కలిపి వాడిన సీపీయూ సమయం) 14 సెకన్లు, త్రెడ్ లిమిట్ పెట్టాక 8. పేజీ పూర్తవడానికి గడియారంలో పట్టే సమయం మాత్రం ముందూ తర్వాతా దాదాపు అంతే! ఇన్నాళ్ళూ ఆ ఆరు సెకన్లు ఊరికే కాల్చాను. ఇప్పుడు కోటాతో పేజీకి 23 సెకన్లు, మొత్తం 9 గంటలు. ఎస్‌టీ సున్నా దగ్గరే ఉంది, సైట్ బాగానే తెరుచుకుంటోంది, గ్రూప్‌లో నిశ్శబ్దం.

ఒక్కటే, ఒత్తులన్నీ ఎగిరిపోతున్నాయి. 'అమ్మ' అని ఉన్నచోట 'అమ' వస్తోంది.

మరొకరి జవాబు:
స్కాన్ ఎంత డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు)?

ప్రశ్న అడిగినవారు:
150.

మరొకరి జవాబు:
అయ్యో. 9 గంటలు నడపకముందే ఆపండి. 300కి తక్కువ అయితే ఒత్తులు దానికి సరిగ్గా కనబడకపోవచ్చు. పది పేజీలు మళ్ళీ స్కాన్ చేసి చూసి, తేడా ఉంటే వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.