తిరుపతిలో పొడవాటి ఉంగరాల జుట్టు పెంచుతున్నాను: కత్తిరింపు గురించి, నీళ్ళ గురించి సలహా కావాలి

ప్రశ్న: కొర్లగుంట వాసి

అందరికీ నమస్కారం. నాకు 26 ఏళ్ళు. ఉండేది కొర్లగుంటలో, ఉద్యోగం రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో. నాది పుట్టుకతో వచ్చిన ఉంగరాల జుట్టు. బడిలో చదివే రోజుల్లో నన్ను ‘సాయిబాబా’ అని పిలవనివాడు లేడు కాబట్టి, అది వేలెడు పెరగకముందే కత్తిరించుకోవడం అలవాటైపోయింది. పోయిన పుష్య మాసంలో ఇంటి మొక్కు తీర్చడానికి కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చాను. ఆ గుండు మీద మొలిచిన జుట్టును ఈసారి భుజాల దాకా పెంచాలని నిశ్చయించుకున్నాను. ఇప్పటికి పది నెలలైంది.

తడిగా ఉన్నప్పుడు ముందరి పాయను లాగి పట్టుకుంటే ముక్కు కొన దాటుతోంది. ఆరగానే కనుబొమ్మల పైకి లేచిపోతోంది. నడినెత్తిన అణగిపోయి, చెవుల దగ్గర మాత్రం గొడుగులా విచ్చుకుంటోంది. ప్రతి ఉదయం దువ్వెనతో అణచాలని చూస్తాను. ఎంత దువ్వితే అంత లేస్తోంది. దానికి తోడు మా ఇంటికి వచ్చేవి బోరు నీళ్ళు, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. రానూ పోనూ గంటసేపు హెల్మెట్ తప్పదు. అమ్మ రోజూ కొబ్బరినూనె పట్టుకుని వెంటపడుతుంది. సెలూన్‌లో అడిగితే స్మూథనింగ్, అంటే మందు పెట్టి జుట్టును సాఫీ చేయడం, చేయించుకోమన్నారు, లేదంటే పలచన చేసే కత్తెర వేస్తామన్నారు.

మాఘంలో అక్క పెళ్ళి ఉంది. అప్పటికి చూడదగినట్టు ఉండాలంటే ఏ కత్తిరింపు ఎంచుకోవాలి, రోజువారీగా ఏం చేయాలి? ఇంకొక మాట. మన ఊళ్ళో మగవాడి జుట్టు కాస్త పెరిగితే చాలు, ఎదురైన ప్రతివారూ “మొక్కా? కొండకు ఎప్పుడు పోతావు?” అని అడుగుతారు. మొక్కు తీరిపోయిందని చెబితే, మరి ఎందుకు పెంచుతున్నావని అడుగుతారు. దానికి జవాబు ఉన్నవారు అది కూడా చెప్పగలరు.

జవాబు 1: చిత్తూరు నుంచి, ఆరేళ్ళుగా జుట్టు పెంచుతున్నవాడు

తమ్ముడూ, ముందు ఆ ఉదయపు దువ్వెనను దాచిపెట్టు. ఉంగరాల జుట్టు గుత్తులు గుత్తులుగా చుట్టుకుని ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు దువ్వితే ఆ గుత్తి విడిపోయి, ఏ వెంట్రుకకు ఆ వెంట్రుక తన దారి తాను చూసుకుంటుంది; నువ్వు గొడుగు అంటున్నది దానినే. వెంట్రుకలోని కెరటిన్ అనే మాంసకృత్తు పోగుల మధ్య ఉండే బలహీనమైన హైడ్రోజన్ బంధాలు తడిసినప్పుడు వీడిపోయి, ఆరేటప్పుడు మళ్ళీ ముడిపడతాయి కనుక, ఆరే వేళకు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే నిలుస్తుంది. కార్తీక మాసపు వానల్లో గాలిలోని తేమ తగిలినా అదే జరుగుతుంది. కాబట్టి చేయవలసిన పనంతా తలస్నానం చేసిన అరగంటలోనే ఉంది, మిగతా వారమంతా దానిని చెడగొట్టకుండా ఉండడమే.

నేను చేసేది చెబుతాను. తలస్నానం వారానికి రెండుసార్లు. సల్ఫేట్లు, అంటే నురుగు తెచ్చే ఘాటైన పదార్థాలు, లేని షాంపూను మాడుకు మాత్రమే పట్టిస్తాను, కొసలకు జారే నురుగే సరిపోతుంది. తరువాత కండిషనర్‌ను ధారాళంగా రాసి, జుట్టు చేపలా జారుతున్నప్పుడు, పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వస్తూ చిక్కు తీస్తాను. వారం మొత్తంలో దువ్వెన నా తలను తాకేది ఆ సమయంలోనే. కడిగేశాక, నీళ్ళు ఇంకా కారుతుండగానే, నిమ్మకాయంత జెల్ రెండు అరచేతులకు పూసుకుని, తల వంచి, కొసలను గుప్పిట్లోకి తీసుకుని మాడు వైపుకు నెమ్మదిగా పిసుకుతాను. జుట్టు సగం ఆరాక రాస్తే జెల్ వల్ల ప్రయోజనం సగం కూడా ఉండదు.

తుడవడంలోనే చాలామంది చెడగొట్టుకుంటారు. చిన్నప్పుడు అమ్మ మన మెడ వంచి తువ్వాలుతో రుద్దినట్టు రుద్దకూడదు. మా తాతగారి పాత నూలు పంచెను నేను ఇందుకోసం నాలుగు ముక్కలు చేసుకున్నాను. ఒక ముక్కను మంచం మీద పరచి, దాని మీదికి తల వంచి, ఉంగరాలన్నీ కుప్పగా దిగేలా చేసి, అంచులు వెనక్కు తిప్పి ముడి వేసి ఇరవై నిమిషాలు వదిలేస్తాను. అది విప్పాక పూర్తిగా ఆరేవరకు చేయి పెట్టను. ఆరిన జుట్టు మొదట అప్పడంలా కరకరలాడుతుంది, భయపడకు. అరచేతులతో కింది నుంచి పైకి పిసికితే ఆ పొర విరిగి మెత్తబడుతుంది.

పొడవు విషయంలో ఆశ తగ్గించుకో. జుట్టు నెలకు సుమారు 1 నుంచి 1.25 సెంటీమీటర్లు, అంటే ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఉంగరం బిగువును బట్టి ఆరాక అందులో మూడో వంతు, బాగా బిగువైతే సగం కూడా కనిపించకుండా పోతుంది. చెవి పైనుండే జుట్టు ఆరిన స్థితిలో భుజాన్ని తాకాలంటే, లాగితే 30 సెంటీమీటర్లయినా ఉండాలి. గుండు నాటి నుంచి లెక్కిస్తే రెండు, రెండున్నర ఏళ్ళు. మాఘానికి భుజాల దాకా రాదు. చెవులు కప్పి, మెడ మీద పడేంత వస్తుంది.

నూనె మాత్రం మానేయమని నా సలహా.

జవాబు 2: తిరుపతిలో సెలూన్ నడుపుతున్నవాడు

కొర్లగుంట మిత్రులకు నమస్కారం. మా వృత్తివారి మీద ఫిర్యాదులాగా ఉన్నా, మీరు రాసినది నిజమే. ఉంగరాల జుట్టును ఉంగరాల జుట్టుగానే కత్తిరించడం మాలో చాలామందికి ఎవరూ నేర్పలేదు. అందరికీ తడిపి, దువ్వి, వరుస చూసి కోస్తాం. సాఫీగా ఉండే జుట్టుకు అది చెల్లుతుంది. ఉంగరాల జుట్టును తడి మీద ఒక అంగుళం కోస్తే, ఆరాక రెండంగుళాలు పోయినట్టు కనిపించి, కుర్చీలో కూర్చున్నవారి ముఖం మాడిపోతుంది. అందుకే ఈ మధ్య నేను ఉంగరాల జుట్టువారిని ఇంట్లోనే తలస్నానం చేసి, దువ్వకుండా, ఆరబెట్టుకుని రమ్మంటున్నాను. ఉంగరం తన సహజమైన చోట ఎలా పడిందో చూస్తూ, ఒక్కొక్క పాయను విడిగా కోయవచ్చు.

జుట్టంతా ఒకే పొడవుకు పెరిగితే, పైన బరువుకు అణగి, కింద విచ్చుకుని ముక్కోణంలా తయారవుతుంది. మీ గొడుగుకు దువ్వెన ఒక కారణమైతే ఇది రెండోది. దీనికి మందు లేయర్లు, అంటే పైపాయలను కొంచెం పొట్టిగా, కిందివి పొడవుగా మెట్లు మెట్లుగా కోయడం. పలచన చేసే కత్తెరను మాత్రం ఎవరినీ వేయనివ్వకండి. అది గుత్తి మధ్యలో అక్కడక్కడా పొట్టి వెంట్రుకలను వదులుతుంది. అవి నెల తిరిగేసరికి మిగతావాటిని తోసుకుంటూ లేస్తాయి, అప్పుడు గొడుగు మరింత పెద్దదవుతుంది.

స్మూథనింగ్ గురించి కూడా చెప్పాలి, నాకు అందులో డబ్బు వస్తుందని తెలిసి కూడా. చేసిన జుట్టు సాఫీగా ఉన్నా, మాడు నుంచి కొత్తగా వచ్చేది ఉంగరాలుగానే వస్తుంది. పెంచాలనుకునేవారికి సగం అలా, సగం ఇలా ఉన్న జుట్టుతో ఏడాది గడపడం నరకం. కొన్ని రకాల మందులు వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరిని వదులుతాయి, అది పీల్చే మాకూ మంచిది కాదు.

ఇప్పుడు ఎంపిక. పక్కలు, వెనుక మిషన్‌తో పొట్టిగా తీసి, పైన పెంచుకునే పద్ధతి వెంటనే శుభ్రంగా కనిపిస్తుంది, హెల్మెట్‌కు కూడా అనువైనది. కానీ భుజాల దాకా కావాలని ఉంటే ఆ పని చేయకండి, పక్కలు మళ్ళీ అందుకోవడానికి ఏడాది పడుతుంది. మీ స్థితిలో నేనైతే మెడ వెనుక తోకలా దిగినదాన్ని, చెవుల చుట్టూ అంచును మాత్రమే సరిచేసి, పైన రెండు మూడు లేయర్లు వేసి పంపుతాను. పెళ్ళికి మూడు వారాల ముందు చేయించుకోండి, ముందు రోజు వద్దు. కొత్తగా కోసిన ఉంగరం సర్దుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది. ఆ తరువాత మూడు నాలుగు నెలలకొకసారి కొసలు చీలినంత మేరకు తీయించుకుంటే చాలు.

జవాబు 3: తిరుచానూరు నుంచి ఒక గృహిణి

నాయనా, నా జుట్టూ నీలాంటిదే, మా అబ్బాయిదీ అంతే. చిత్తూరు అబ్బాయి నూనె మానేయమన్నాడు, అది నాకు సమ్మతం కాదు. ఉంగరాల వెంట్రుక మలుపులు తిరిగి ఉంటుంది కాబట్టి మాడులో ఊరే జిడ్డు కొసల దాకా దిగదు; అందుకే మాడు జిడ్డుగానూ, కొసలు గడ్డిలానూ ఉంటాయి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు మాంసకృత్తులు పోకుండా కాపాడుతుంది. అయితే మీ అమ్మగారు చేస్తున్నట్టు రోజూ నెత్తిన పోసుకుని దుమ్ములో తిరగడం వేరు, తలస్నానానికి గంట ముందు కొసలకు, నడుమ భాగానికి పట్టించడం వేరు. రెండోది చేయి, అమ్మ మాట నిలుస్తుంది, నీ పనీ అవుతుంది. కుంకుడుకాయలు బాగా శుభ్రం చేస్తాయి కానీ జుట్టును ఎండగడతాయి కనుక, పదిహేను రోజులకొకసారి మించి వద్దు.

నీకున్న అసలు చిక్కు నీళ్ళు. బకెట్ అంచున కనబడే ఆ తెల్లటి పొరే, కాల్షియం, మెగ్నీషియం లవణాలుగా, నీ వెంట్రుకల మీద కూడా పేరుతుంది. ఎంత ఖరీదైన కండిషనర్ రాసినా గరుకుదనం పోకపోవడానికి కారణం అదే. మున్సిపల్ కొళాయి నీళ్ళు వచ్చే రోజునే తలస్నానం పెట్టుకో. అది కుదరకపోతే, చివర రెండు చెంబులు తాగే నీళ్ళు గానీ, ఈ కాలంలో పట్టిపెట్టిన వాన నీళ్ళు గానీ పోసుకో. ఆర్‌ఓ యంత్రం పక్క గొట్టం నుంచి పోయే నీళ్ళను వృథా చేయకూడదని తలస్నానానికి పట్టేవారున్నారు. లవణాలన్నీ చేరేది అందులోనే కాబట్టి అవి బోరు నీళ్ళకంటే కఠినమైనవి, వాటితో వాకిలి కడుక్కోవాలి. షవర్‌కు బిగించే చిన్న ఫిల్టర్లు కూడా కఠినత్వాన్ని పెద్దగా తగ్గించవు. నెలకొకసారి, లవణాలను పట్టి లాగే ఈడీటీఏ అనే పదార్థం ఉన్న షాంపూతో కడిగితే పేరుకున్నది వదులుతుంది.

జెల్ కొనకుండా ఇంట్లో చేసుకోవచ్చు. పావు కప్పు అవిసె గింజలను రెండు కప్పుల నీళ్ళలో వేసి సన్నటి మంట మీద కలుపుతూ ఉండు. గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగినప్పుడు దించి, వేడి మీదనే పలచటి గుడ్డలో వడకట్టు. ఫ్రిజ్‌లో వారం రోజులు నిలుస్తుంది.

జవాబు 4: చర్మవైద్యం చదువుతున్న విద్యార్థిని

రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. హెల్మెట్ లోపల చెమట పట్టి చుండ్రు, దురద మొదలైతే మాడుకు నూనె పూర్తిగా ఆపాలి, ఎందుకంటే చుండ్రుకు కారణమైన మలసీజియా శిలీంధ్రం ఆ కొవ్వునే ఆహారంగా తీసుకుంటుంది. ఆ శిలీంధ్రాన్ని అణచే మందు, 2 శాతం కీటోకొనజోల్ ఉన్న షాంపూను వారానికి రెండుసార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు మాడు మీద ఉంచి కడిగితే రెండు నుంచి నాలుగు వారాల్లో అదుపులోకి వస్తుంది. అది కొసలను ఎండబెట్టగలదు కనుక వాటికి కండిషనర్ రాయాలి. రెండోది, పొడవు వచ్చాక కొప్పును బిగించి కట్టవద్దు. రోజూ లాగి కట్టేవారికి నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది, చాలా కాలం సాగితే తిరిగి మొలవదు. నొప్పి అనిపించిందంటే ముడి బిగిసినట్టే.

మళ్ళీ కొర్లగుంట వాసి, ఆరు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. దువ్వెన మానేసిన మొదటి వారం పిచ్చివాడిలా ఉన్నానని ఇంట్లో అన్నారు, మూడో వారానికి ఆ మాట అనడం మానేశారు. అవిసె జెల్ మొదటిసారి ఫోన్ చూసుకుంటూ ఎక్కువసేపు ఉడికించాను. అది బంకలా గట్టిపడి గుడ్డలోంచి దిగలేదు, అమ్మ గరిటె కూడా పాడైంది. రెండోసారి తీగ రాగానే దించాను, కుదిరింది. తలస్నానానికి మేడ మీద డ్రమ్ములో పట్టిన వాన నీళ్ళే వాడుతున్నాను. బోరు నీళ్ళకూ దీనికీ తేడా మొదటి స్నానంలోనే చేతికి తెలిసింది. సెలూన్‌లో అడిగి మరీ పొడి జుట్టు మీదే లేయర్లు వేయించుకున్నాను, పక్కల గొడుగు ముప్పాతిక భాగం తగ్గింది.

ఇంకా ఒక్కటి మిగిలింది. పొద్దున తీర్చిన ఉంగరాలు హెల్మెట్ తీసేసరికి నడినెత్తిన అతుక్కుపోతున్నాయి. పొద్దున నిద్ర లేచేసరికి ఒక పక్క నలిగి ఉంటోంది కూడా.

చిత్తూరు నుంచి

నిద్రకు దిండు మీద నూలు గలేబుకు బదులు శాటిన్‌ది వేసుకో, లేదా ఇంట్లో పాత పట్టు బట్ట ఉంటే పరుచుకో, రాపిడి తగ్గుతుంది. హెల్మెట్ కింద కూడా పలచటి శాటిన్ టోపీ పెట్టుకుని, రోజూ దానిని ఉతుకు. ఫ్యాక్టరీకి చేరాక చేతులు తడిచేసుకుని మాడు దగ్గర వేళ్ళతో కొద్దిగా ఎత్తి వదిలితే లేస్తుంది, మొత్తం తడపనవసరం లేదు.

మొక్కు గురించి అడిగేవారికి నేను ఆరేళ్ళుగా చెబుతున్న జవాబు ఒకటుంది. వచ్చే గంగజాతరకు మాతంగి అనే ఆడవేషం కడుతున్నాను, సవరం ఖర్చు మిగులుతుందని పెంచుతున్నాను అంటాను. ఇంతవరకు ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు.