రూమ్ రెంట్ దాటితే బిల్లు మొత్తానికి కోత పెట్టొచ్చా?

కూకట్‌పల్లి కుర్రాడు:
5 లక్షల ఆరోగ్య బీమా పాలసీ, రూమ్ రెంట్ పరిమితి అందులో 1 శాతం, అంటే రోజుకి 5,000. 8,000 గదిలో చేరితే ఆ 3,000 తేడా పేషెంటు కట్టుకుంటే సరిపోవాలి కదా? బీమా కంపెనీ సర్జన్ ఫీజులో కూడా కోత పెడుతుంది, ఎందుకు? గది మారితే డాక్టరు చెయ్యి మారుతుందా? నన్నడిగితే పచ్చి దోపిడీ. కాదనేవాళ్లు చెప్పండి.

టీపీఏ తాత:
నేను కాదంటా. మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో చాలావాటికి టారిఫ్, అంటే రేట్ల పట్టిక, గదిని బట్టే. అదే ఆపరేషన్‌కి జనరల్ వార్డులో ఒక రేటు, షేరింగ్‌లో ఒకటి, సింగిల్ రూమ్‌లో ఇంకోటి. సర్జన్, మత్తు డాక్టరు, ఓటీ (ఆపరేషన్ థియేటర్), నర్సింగ్ అన్నీ గదితోపాటే పెరుగుతాయి. కంపెనీ ప్రీమియం తీసుకుంది 5,000 గది లెక్కకి. అందుకే ఎనిమిదింట అయిదు వంతులు, 62.5 శాతం ఇస్తుంది. కోత తప్పు కాదు బాబూ, దేని మీద కోశారన్నది చూడాలి.

బిల్లుల భారతి:
అసలు గొడవంతా అక్కడే. మందులు, కన్స్యూమబుల్స్ (వాడి పారేసే సామాను), ఇంప్లాంట్లు, టెస్టులు ఈ దామాషా కోతలోకి రాకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. ఐసీయూ ఛార్జీలకీ కూడదు. గదిని బట్టి రేటు మార్చని ఆసుపత్రిలో అయితే కోతే ఉండకూడదు.

మోకాలి మార్పిడి బిల్లు ఒకటి ఊహించుకోండి. గ్లవ్స్, మాస్కుల్లాంటి ఇవ్వనివన్నీ తీసేశాక గది 4 రోజులకి 32,000; సర్జన్, ఓటీ, నర్సింగ్ 1,60,000; ఇంప్లాంటు, మందులు, టెస్టులు 1,20,000. మొత్తం 3,12,000. సరిగ్గా కోస్తే గదికి 20,000, రెండోదానికి లక్ష, మూడోది పూర్తిగా. రావాల్సింది 2,40,000. గుడ్డిగా మొత్తానికి 62.5 శాతం కడితే 1,95,000. అంటే 45,000 గోవిందా.

కూకట్‌పల్లి కుర్రాడు:
డిశ్చార్జ్ రోజు కౌంటర్ దగ్గర ఇంత లెక్క ఎవరు వేస్తారండీ? అప్రూవల్ ఇంతే వచ్చింది, మిగతాది కట్టండి అంటారు. కట్టేసి బయటపడతారు.

బిల్లుల భారతి:
కట్టనీండి, కాగితాలు మాత్రం వదలొద్దు. ఐటమ్‌వారీ బిల్లు, ఏది ఎందుకు కోశారో రాసిన ఫైనల్ అప్రూవల్ లెటరు, ఆసుపత్రి టారిఫ్ షీటు. ముందు కంపెనీ గ్రీవెన్స్‌ సెల్‌కి మెయిల్, తర్వాత ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ లేదా 155255 నంబరుకి ఫోను. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు.

సైనిక్‌పురి సుబ్బారావు:
ఇంత తిరుగుడు ఎందుకమ్మా? కొత్త రూల్‌లో రూమ్ రెంట్ పరిమితే తీసేశారని వాట్సాప్‌లో వచ్చింది. 2 గంటలు చేరినా క్లెయిమ్ ఇస్తారట, జీఎస్టీ కూడా పోయిందట.

టీపీఏ తాత:
సుబ్బారావు గారూ, మూడింట్లో చివరిది ఒక్కటే నిజం, అదీ సగం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ పాలసీలకి 18 శాతం జీఎస్టీ లేదు. ఆఫీసు గ్రూప్ పాలసీకి ఉంది. పాలసీ కాగితంలో గది పరిమితి రాసి ఉంటే ఉన్నట్టే. 2 గంటలన్నది కొన్ని పాలసీలు ఇచ్చే సౌకర్యం. మామూలుగా 24 గంటలు ఉండాల్సిందే, కంటిశుక్లం, డయాలసిస్ లాంటి డే కేర్ (రోజులోనే ఇంటికి పంపే చికిత్సలు) తప్ప. 2024 మే ఐఆర్‌డీఏఐ సర్క్యులర్‌లో నిజంగా పనికొచ్చే ముక్క ఉంది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు: డిశ్చార్జ్ అప్రూవల్ 3 గంటల్లో ఇవ్వాలి, దాటితే ఆసుపత్రి అదనంగా వేసేది కంపెనీయే భరించాలి.

కూకట్‌పల్లి కుర్రాడు:
సరే తాతగారూ, కోతంతా దోపిడీ అన్నమాట వెనక్కి తీసుకుంటా. ఈ 62.5 సంగతి అమ్మేటప్పుడు ఏజెంటు ఎందుకు చెప్పడు?

టీపీఏ తాత:
చెబితే కొంటావా?

బిల్లుల భారతి:
ఇంకో మాట. మీ పరిమితిలో గది ఖాళీ లేదని పై గది ఇస్తే, ఆ ముక్క అడ్మిషన్ డెస్కులోనే రాయించి స్టాంపు వేయించుకోండి, కింది గది టారిఫ్‌తోనే బిల్లు వెయ్యమని అడగండి. చేరాక అడిగితే ఎవరూ రాసివ్వరు.