మర్ఫీ సూత్రం ఇంజినీరుకు హెచ్చరికా, తప్పించుకునే సాకా?

కొలబద్ద:
"తప్పు జరగడానికి వీలున్న చోట తప్పు జరిగే తీరుతుంది" అనే మర్ఫీ సూత్రాన్ని మా విభాగంలో గోడకు అంటించారు. ఈమధ్య ఒక పంపు మోటారుకు రెండు ఫేజుల కరెంటు తీగలు తారుమారుగా కలపడంతో అది వ్యతిరేక దిశలో తిరిగింది, మరతో బిగించిన ఇంపెల్లరు (నీటిని నెట్టే రెక్కల చక్రం) ఊడి కేసింగుకు, అంటే పంపు తొడుగుకు, రాసుకుంది. సమీక్షలో ఒకరు గోడ మీది కాగితం చూపించారు, అందరూ నవ్వారు, విచారణ అక్కడితో ఆగిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు పనిలోని లోపాన్ని విధి మీదకు నెట్టే ఇలాంటి చమత్కారాలను కొత్తగా చేరినవారికి నేర్పకూడదని నా వాదన. మీరేమంటారు?

పనిమర:
కొలబద్ద గారూ, ఆ మాట పుట్టిన సందర్భం మీ వాదనకు పూర్తిగా విరుద్ధంగా ఉంది. 1949లో కాలిఫోర్నియాలోని మ్యూరాక్ వైమానిక స్థావరంలో, వేగం హఠాత్తుగా తగ్గితే మనిషి శరీరం ఎంతవరకు తట్టుకోగలదో తెలుసుకోవడానికి, రాకెట్ బండిని పట్టాల మీద పరుగెత్తించి ఆపేవారు. కెప్టెన్ ఎడ్వర్డ్ మర్ఫీ తెచ్చిన కొలత పరికరాలు ఒక ప్రయోగంలో ఏ విలువనూ నమోదు చేయలేదు. చూస్తే వాటి వైరింగు తప్పుగా ఉంది. ఆయన సరిగ్గా ఏమన్నారో అక్కడివారే తలా ఒక రకంగా చెప్పారు. అయితే ఆ బండిలో స్వయంగా కూర్చున్న వైద్యాధికారి జాన్ పాల్ స్టాప్, తాము క్షేమంగా ఉండడానికి కారణం ఈ సూత్రాన్ని ముందే లెక్కలోకి తీసుకోవడమేనని విలేఖరులకు వివరించారు. అంటే ఆ మాట ప్రయోగానికి ముందు వేసుకోవలసిన ప్రశ్న, ప్రమాదం తర్వాత చెప్పుకునే ఓదార్పు కాదు. అది మరిచినచోట ఏం జరిగిందో 2004లో చూశాం. సూర్యుడి నుంచి వెలువడే సౌర పవన రేణువులను మోసుకొచ్చిన నాసా జెనెసిస్ నౌకలో, వేగం తగ్గడాన్ని పసిగట్టాల్సిన స్విచ్చులు తలకిందులుగా ఉండడం వల్ల పారాచూట్ తెరుచుకోక, అది యూటా ఎడారిలో నేలను ఢీకొట్టింది.

సైటు ఇంజినీరు:
పనిమర గారితో నేను సగమే ఏకీభవిస్తాను. 2013 జులైలో బైకనూర్ నుంచి లేచిన ప్రోటాన్-ఎం రాకెట్ కోణీయ వేగాన్ని కొలిచే సెన్సార్లను తలకిందులుగా బిగించినందువల్ల కొన్ని క్షణాల్లోనే కూలి, మూడు ఉపగ్రహాలను బూడిద చేసింది. ఆ సెన్సార్ల మీద దిశ చూపే బాణం గుర్తులు ఉన్నాయి! డిజైనులో ఎంత జాగ్రత్త పడినా పనిచోటి ఒత్తిడి దాన్ని దాటిపోతుంది. మన మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను లావుగా ఉంటుంది కాబట్టి ప్లగ్గు ఒకే విధంగా దూరుతుంది, అది పొడవుగా కూడా ఉంటుంది కాబట్టి ఎర్త్ ముందుగా తగులుతుంది. ఇంత ఆలోచించి చేసిన వస్తువును పక్కనపెట్టి, వైరు చివరలు వలిచి సాకెట్‌లో అగ్గిపుల్లలతో బిగించి కోత మిషను నడిపించడం నిర్మాణ స్థలాల్లో ఎవరికీ కొత్త కాదు. ఆ కూలీకి ప్లగ్గు ఇవ్వకుండా సాయంత్రానికల్లా పని పూర్తి కావాలన్నవారిని మర్ఫీ సూత్రం ప్రశ్నించదు.

కొలబద్ద:
సైటు ఇంజినీరు గారు చెప్పినదే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. స్టాప్ ఆ సూత్రాన్ని వాడిన తీరు గొప్పదే. అయితే గోడ మీదికి చేరేది నవ్వించే వాక్యం ఒక్కటే, దాని వెనకున్న తనిఖీ చేరదు. మా లోపాల నివేదికలో "మానవ తప్పిదం" అని రాస్తే చాలు, ఫైలు మూసేస్తారు. ఆ గడిని తీసేసి, "తప్పుగా బిగించడానికి వీలు ఎలా కలిగింది, ఆ రోజు ఎవరికి ఏ సామగ్రి అందలేదు" అని అడగాలని రాతపూర్వకంగా కోరాను. మోటారును పంపుకు జోడించే కప్లింగు విప్పి, మోటారును ఒక్క క్షణం తిప్పి దిశ చూసుకున్నాకే పంపుకు కలపాలని, దానికి ఇద్దరి సంతకాలు ఉండాలని కూడా ప్రతిపాదించాను. మీ చోట్ల ఈ పరీక్షను ఎవరి బాధ్యతగా పెట్టారో దయచేసి తెలపండి.