ఈఎస్‌ఆర్ 2, సీఆర్‌పీ 48: దేన్ని నమ్మాలి?

ప్రశ్న:
నాలుగేళ్ల బాబు. టెట్రాలజీ ఆఫ్ ఫాలో (ఒంటికి ఆక్సిజన్ తక్కువ అందే పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు), సర్జరీ ఇంకా కాలేదు. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 78 శాతం, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వంతు) 62 శాతం. వారంగా జ్వరం. ఈఎస్‌ఆర్ (గొట్టంలో ఎర్ర కణాలు ఎంత వేగంగా కిందికి దిగుతాయో చూసే పరీక్ష) గంటకు 2 మి.మీ., సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) లీటరుకు 48 మి.గ్రా. ఈఎస్‌ఆర్ నార్మలే కదా అని ఊరుకోవచ్చా? రక్తనాళాల వాపు తెలియడానికి ఐక్యామ్, వీక్యామ్ (రక్తనాళాల గోడకు తెల్ల కణాలు అతుక్కునేలా చేసే ప్రోటీన్లు) పరీక్షలు పంపితే ప్రయోజనం ఉంటుందా? కోయాగ్యులేషన్ (రక్తం గడ్డకట్టే తీరు) శాంపిల్ కూడా పంపాలి.

జవాబు 1:
ఈ బాబు విషయంలో ఈఎస్‌ఆర్‌ని అసలు లెక్కలోకి తీసుకోకండి. ఎర్ర కణాలు దొంతరలుగా పేరుకుని కిందికి దిగితేనే ఆ అంకె పెరుగుతుంది. హెమటోక్రిట్ 62 ఉంటే గొట్టం నిండా కణాలే, ఇక దిగడానికి చోటేది? సీఆర్‌పీ సీరంలో (కణాలు తీసేశాక మిగిలే ద్రవంలో) చూసేది కాబట్టి ఈ చిక్కు లేదు. యూనిట్ మాత్రం సరిచూసుకోండి, కొన్ని ల్యాబులు డెసిలీటరుకు ఇస్తాయి. అప్పుడు ఇదే 4.8 అవుతుంది.

ముందు ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్) కాదని తేల్చుకోవాలి. యాంటీబయాటిక్ పడకముందే మూడు వేర్వేరు చోట్ల గుచ్చి మూడు బ్లడ్ కల్చర్లు (రక్తంలో సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష) తీయండి. ఈ వయసుకు ఒక్కోసారి 5 మి.లీ. అయినా ఉండాలి, 1 మి.లీ. తీస్తే ఉన్న సూక్ష్మజీవి కూడా దొరక్కపోవచ్చు. పుచ్చుపళ్లు ఉన్నాయేమో చూడండి. తలనొప్పి, వాంతులు, ఫిట్స్‌లో ఏ ఒక్కటి ఉన్నా మెదడు స్కాన్ ఆలస్యం చేయొద్దు. ఈ పిల్లల్లో సిరల రక్తం ఊపిరితిత్తుల్లో వడకట్టుకోకుండానే మెదడుకు వెళ్తుంది, అక్కడ చీముగడ్డ కట్టినా సీఆర్‌పీ పెద్దగా పెరగకపోవచ్చు.

జవాబు 2 (ల్యాబ్ వైపు నుంచి):
కోయాగ్యులేషన్ శాంపిల్‌కు నీలం మూత ట్యూబును ఉన్నదున్నట్టు వాడకండి. అందులో 2.7 మి.లీ. రక్తానికి 0.3 మి.లీ. సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఉంటుంది. ఈ బాబు రక్తం 2.7 మి.లీ.లో ప్లాస్మా (కణాలు కాక మిగిలిన ద్రవం) 1 మి.లీ.కి కాస్త ఎక్కువ, అంతే. సిట్రేట్ మిగిలిపోయి పీటీ, ఏపీటీటీ (గడ్డకట్టడానికి పట్టే సమయాలు) లేనిపోనివిగా పెరుగుతాయి, ఫైబ్రినోజన్ (గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్) తక్కువ చూపిస్తుంది. హెమటోక్రిట్ 55 దాటితే ఎంత సిట్రేట్ ఉండాలో ఈ లెక్క వేయాలి: 0.00185 × (100 − హెమటోక్రిట్) × రక్తం మి.లీ.లలో. ఇక్కడ 0.19 మి.లీ. వస్తుంది. అంటే ట్యూబర్‌క్యులిన్ సిరంజితో (1 మి.లీ. సన్న సిరంజి) 0.11 మి.లీ. సిట్రేట్ తీసేయాలి. మూత తీశాక వ్యాక్యూమ్ పోతుంది కనుక రక్తాన్ని సిరంజితో కొలిచి పోయండి.

జవాబు 3:
ఐక్యామ్, వీక్యామ్ ఇప్పుడు వద్దండీ. అవి పరిశోధనకు పనికొచ్చేవి, ఈ బాబుకు మందు మొదలుపెట్టాలా ఆపాలా అన్నది వాటితో తేలదు. వయసును బట్టి కూడా మారతాయి.

ముందుముందు సర్జరీ అయ్యాక సీఆర్‌పీ చూసి కంగారు పడకండి. బైపాస్ (సర్జరీలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) వల్లే రెండో మూడో రోజుకు బాగా పెరిగి తర్వాత దిగుతుంది. దిగుతున్నది మళ్లీ ఎక్కిందా, గాయం, రక్తనాళాల్లో పెట్టిన లైన్లు, ఛాతీ చూసి కల్చర్ పంపండి.