డెలికేట్ ఆర్చ్: అమ్మానాన్నలతో వెళ్ళొచ్చా?

ప్రశ్న: జూన్‌లో గుంటూరు నుంచి వస్తున్న అమ్మానాన్నలని అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఆర్చెస్ పార్కుకి తీసుకెళ్దామనుకుంటున్నాను. నాన్నకి మోకాళ్ళ నొప్పి. అక్కడి పెద్ద రాతి తోరణం, డెలికేట్ ఆర్చ్ దాకా నడవగలరా?

జవాబు: రానూపోనూ 4.8 కిలోమీటర్లు, 146 మీటర్ల ఎత్తు ఎక్కాలి. దూరం సంగతి అటుంచండి, జూన్ ఎండే అసలు టెన్షన్. వాలుగా ఉత్త బండ, నీడ అన్నది లేదు. మా అత్తయ్య చీర కుచ్చిళ్ళు దోపుకుని, స్పోర్ట్స్ షూస్‌తో టకటకా ఎక్కేశారు. మామయ్య మాత్రం చివర్లో బండ అంచున ఉన్న దారి చూసి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. ఆ మలుపు దాటితేనే ఆర్చ్! మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తప్పనిసరి.

ఇంకో జవాబు: మోకాళ్ళ నొప్పయితే వద్దండీ. కింది వ్యూపాయింట్ దాకా కారు వెళ్తుంది. ఆర్చ్ చిన్నగా కనిపిస్తుంది, బైనాక్యులర్స్ పట్టుకెళ్ళండి.

ప్రశ్న: సాయంత్రం ఎక్కితే?

జవాబు: ఆ వెలుగులో ఆర్చ్ రంగు అదిరిపోతుంది. దిగేసరికి చీకటి, టార్చి మరవకండి.