ఒడ్డున చేప ధర మత్స్యకారుల చేతికి రావాలంటే?

ప్రశ్న: మాది శ్రీకాకుళం తీరం. డీజిలుకూ వలలకూ షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్న పాపానికి, వంజరం పడినా రొయ్య పడినా ఆయన చెప్పిన ధరకే ఇచ్చేయాల్సి వస్తోంది. చేపను మత్స్యకారులే వేలం వేసుకునే పద్ధతి ఎక్కడైనా నిలిచిందా?

సమాధానం 1: నిలిచిందండి. కేరళలోని మరియనాడు వంటి గ్రామాల అనుభవం నుంచే దక్షిణ భారత మత్స్యకార సంఘాల సమాఖ్య పుట్టింది. అక్కడ గ్రామ సంఘమే ఒడ్డున వేలం నిర్వహించి, సభ్యుడికి సొమ్ము చెల్లించి, అమ్మకంలో కొంత శాతాన్ని అప్పు వాయిదాగా, మరికొంత పొదుపుగా మినహాయించుకుంటుంది. వల ఖాళీగా వచ్చిన రోజున కోత ఉండదు. నా దృష్టిలో అసలు బలం ఇదే. షావుకారు అప్పు తీర్చే దారి చూపకుండా వేలం ఒక్కటే పెడితే జనం రారు.

సమాధానం 2: ధరతోపాటు వేట హద్దునూ పట్టించుకోండి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకే కేటాయించారు. ట్రాలర్ (వల ఈడ్చే పెద్ద మర పడవ) ఆ హద్దు లోపలికి వస్తే సమయం, జీపీఎస్ అంకెలు, ఫోటోతో మత్స్యశాఖకు సంఘం పేరున లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

సమాధానం 3: గంపలతో ఊళ్లు తిరిగి అమ్మే ఆడవాళ్లను మరవకండి. పడవ యజమానులకే సభ్యత్వం ఇస్తే వారికి మాట ఉండదు. పెద్ద రాశులుగా వేలం వేస్తే లారీ వ్యాపారులే పాడుకుంటారు కనుక, కవళ్లు, కానాగంతలు వంటి చేపల్లో కొన్నింటిని చిన్న వాటాలుగా విడిగా పాట పెట్టాలని సంఘం నియమావళిలోనే రాయించండి.