1,800 మందికి నెలనెలా ఈమెయిల్: బీసీసీతో కుదరట్లేదు, సరైన పద్ధతేంటి?

మడతకాగితం (ప్రశ్న)

సభ్యులు, పాత సభ్యులు, కార్యక్రమాలకు వచ్చి రిజిస్టర్‌లో మెయిల్ ఐడీ రాసినవాళ్లు, అందరూ కలిపి 1,800 అడ్రసులు ఒక ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయి. నెలకొక సమాచార లేఖ వెళ్లాలి. ఇప్పుడు ఉచిత జీమెయిల్ ఖాతా నుంచి వందేసి మందిని బీసీసీలో (ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనపడకుండా) పెట్టి పంపుతున్నాం. అయిదు విడతలు దాటగానే పరిమితి అయిపోయిందని ఆపేస్తోంది. వెళ్లినవి కూడా చాలామందికి స్పామ్‌లో పడుతున్నాయి. సంఘం పేరుతో డొమైన్ ఉంది గానీ దాన్ని వెబ్‌సైట్‌కి తప్ప దేనికీ వాడట్లేదు.

నాలుగు జీమెయిల్ ఖాతాలు తెరిచి పంచుకుంటే సరిపోతుందా, లేక బల్క్ మెయిల్ సర్వీసు తీసుకోవాల్సిందేనా? తీసుకుంటే ఫ్రమ్‌లో ఇప్పటి జీమెయిల్ అడ్రసే ఉంచొచ్చా? డొమైన్ వివరాల పట్టిక అయిన డీఎన్ఎస్‌లో ఏమేం పెట్టాలి? మొదటిసారే 1,800 మందికీ ఒక్క దెబ్బకి పంపేయొచ్చా?

తపాలాబిళ్ల

నాలుగు ఖాతాల ఆలోచన ఇక్కడే వదిలేయండి. ఉచిత జీమెయిల్‌కి రోజుకి 500, సొంత డొమైన్‌తో తీసుకునే వర్క్‌స్పేస్ ఖాతాకి 2,000. రోజు అంటే అర్ధరాత్రికి మారే తేదీ కాదు, గడిచిన 24 గంటలు. బీసీసీలో వంద మంది ఉంటే అది వంద కిందే లెక్క. ఒకే పాఠం నాలుగు కొత్త ఖాతాల నుంచి బయల్దేరితే అది అచ్చం స్పామర్ల వరసే, నాలుగూ కలిసి మూతపడొచ్చు.

నిజానికి బీసీసీతో పెద్ద చిక్కు పరిమితి కాదు. పనిచేయని అడ్రసుల నుంచి వెనక్కొచ్చే బౌన్సులు ఇన్‌బాక్స్‌లో కుప్పపడతాయి, వాటిని చూసి షీట్‌లోంచి పేర్లు తీసేసేవాళ్లు ఉండరు. లేఖ వద్దనుకున్నవాళ్లకి తప్పుకునే దారి లేదు కాబట్టి చేతికందిన స్పామ్ బటన్ నొక్కుతారు. ఏదో ఒక నెల బీసీసీ బదులు సీసీలో అతికించారంటే ఆ విడతలో అందరి అడ్రసులూ అందరికీ తెలిసిపోతాయి.

ఫ్రమ్‌లో జీమెయిల్ అడ్రస్ పెట్టొద్దు. ఆ డొమైన్ గూగుల్‌ది, దాని తరఫున సంతకం చేసే అధికారం మీ సర్వీసుకి ఉండదు. యాహూ అయితే 2014లోనే తన డొమైన్ పేరుతో బయటి సర్వర్ల నుంచి వచ్చేవాటిని తిప్పికొట్టమని డీమార్క్‌లో (తన పేరుతో వచ్చే నకిలీ మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డీఎన్ఎస్ రికార్డు) ప్రకటించేసింది. మీ డొమైన్ మీదే ఒక అడ్రస్ తెరవండి. ఎవరైనా జవాబు రాస్తే చదివే మనిషి ఉండే పెట్టె అయి ఉండాలి. 'నోరిప్లై' అని పెట్టి జవాబులు చెత్తబుట్టలోకి పంపడం నాకైతే మర్యాదగా అనిపించదు.

సర్వీసుల్లో రెండు రకాలున్నాయి. మెయిల్‌చింప్, బ్రెవో లాంటివి జాబితా, చేరే ఫారమ్, అన్‌సబ్‌స్క్రైబ్, బౌన్సులు అన్నీ తామే చూసుకుంటాయి. అమెజాన్ ఎస్ఈఎస్ కేవలం పంపే గొట్టం, మిగతాదంతా మీరే కట్టుకోవాలి. పైగా కొత్త ఎస్ఈఎస్ ఖాతా శాండ్‌బాక్స్‌లో మొదలవుతుంది: 24 గంటలకి 200 మెయిళ్లు, అదీ ముందే ధ్రువీకరించిన అడ్రసులకే. ఇంట్లో ప్రోగ్రామర్ లేకపోతే మొదటి రకమే నయం.

గూటిచిలక

డీఎన్ఎస్ సంగతి నేను చెప్తాను. మూడు రికార్డులు.

ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో పంపొచ్చని మీరు ఒప్పుకున్న సర్వర్ల జాబితా): ఒక డొమైన్‌కి ఒక్కటే ఉండాలి. ఇప్పటికే వర్క్‌స్పేస్ కోసమో హోస్టింగ్ కోసమో ఒకటి ఉంటే దాని పక్కన రెండోది పెట్టకూడదు, అదే వాక్యంలో కొత్త 'ఇన్‌క్లూడ్' (ఇంకో సర్వీసు జాబితాని కలుపుకునే ముక్క) చేర్చాలి. రెండుంటే పర్మ్‌ఎర్రర్ (శాశ్వత లోపం) వచ్చి రెండూ చెల్లవు. ఇన్‌క్లూడ్‌లు, వాటి లోపలి ఇన్‌క్లూడ్‌లు కలిపి డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటినా అదే ఫలితం. ఎప్పుడో మానేసిన సర్వీసుల ఇన్‌క్లూడ్‌లు తీసేయకుండా ఏళ్ల తరబడి పేర్చుకుంటూ పోయినవాళ్లే దీనికి దొరికిపోతుంటారు.

డీకిమ్ (మెయిల్ మీద డొమైన్ తరఫున పెట్టే డిజిటల్ సంతకం): సర్వీసు మీకు రెండో మూడో సీనేమ్ రికార్డులు (ఇంకో పేరుకి దారి చూపేవి) ఇస్తుంది, కొన్ని టీఎక్స్‌టీ (నేరుగా పాఠం ఉండేవి) ఇస్తాయి. ఎక్కువమంది బోల్తాపడేది హోస్ట్ గడి (రికార్డు పేరు రాసే చోటు) దగ్గర. చాలా డొమైన్ ప్యానెళ్లు చివర మీ డొమైన్‌ని తామే తగిలిస్తాయి. సర్వీసు ఇచ్చిన పేరు మొత్తం అతికిస్తే డొమైన్ రెండుసార్లు వస్తుంది. రికార్డు 'సేవ్' అవుతుంది, కానీ ఎవరికీ కనపడదు. డొమైన్‌కి ముందున్న భాగం మాత్రమే రాయండి. టీఎక్స్‌టీ రూపంలో 2048 బిట్ల కీ ఇస్తే ఒక్కో స్ట్రింగ్‌కి 255 అక్షరాల హద్దుంది, కాబట్టి దాన్ని కోట్స్‌లో రెండు ముక్కలుగా ఇవ్వాల్సి రావొచ్చు. డీఎన్ఎస్ ప్యానెల్‌లో ప్రాక్సీ స్విచ్ (రాకపోకల్ని తన సర్వర్ల మీదుగా మళ్లించేది) ఉంటే ఈ సీనేమ్‌లకి ఆపేయండి, లేకపోతే బయటివాళ్లకి సీనేమ్ బదులు ఐపీ కనిపిస్తుంది.

డీమార్క్: 'అండర్‌స్కోర్ డీమార్క్' అనే హోస్ట్ పేరుతో ఒక టీఎక్స్‌టీ. మొదట పాలసీ 'నన్' (ఏమీ చేయొద్దు), రిపోర్టులు వచ్చే అడ్రస్ కూడా అందులోనే. కొన్ని వారాలు రిపోర్టులు చూసి, మీ పేరుతో వెళ్లే సక్రమమైన మెయిల్ అంతా పాసవుతోందని తేలాక 'క్వారంటైన్' (స్పామ్‌లో వేయి), ఆ తర్వాత 'రిజెక్ట్' (తిప్పికొట్టు). మొదటిరోజే రిజెక్ట్ పెడితే వెబ్‌సైట్‌లో కాంటాక్ట్ ఫారమ్ పంపే మెయిళ్లూ, రసీదులూ మాయమైపోతాయి. అవి వేరే సర్వర్ నుంచి వెళ్తుంటాయని అప్పటిదాకా ఎవరికీ గుర్తుండదు.

బల్క్‌కి మెయిన్ డొమైన్ కాకుండా 'న్యూస్' లాంటి సబ్‌డొమైన్ వాడితే ఆఫీసు ఉత్తరాలకి మచ్చ కొంత తక్కువగా అంటుతుంది. పూర్తిగా విడదీయదు, అది గుర్తుంచుకోండి.

తపాలాబిళ్ల

గూటిచిలక గారు చెప్పినదానికి ఒక చేర్పు. జీమెయిల్, యాహూల నిబంధనలు 2024 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్నాయి. జీమెయిల్ సొంత ఖాతాలకి రోజుకి దాదాపు 5,000 దాటి పంపేవాళ్లకి మూడు రికార్డులూ, ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ తప్పనిసరి. ఆ 5,000 లెక్కలో సబ్‌డొమైన్లన్నీ కలుస్తాయి. ఒక్కసారి దాటినా గూగుల్ దృష్టిలో ఇక ఎప్పటికీ బల్క్ సెండరే. ఔట్‌లుక్ కూడా 2025 మే నుంచి ఇంచుమించు ఇదే దారి పట్టింది. మీరు 1,800 దగ్గరున్నా ఇవన్నీ ముందే పెట్టుకోండి, పని అరపూట.

జల్లెడ

రికార్డులన్నీ పచ్చగా ఉన్నా జాబితా కుళ్లిందైతే స్పామ్‌కే వెళ్తుంది. డీకిమ్ 'ఈ మెయిల్ మీదే' అని మాత్రమే చెప్తుంది, 'అవతలివాళ్లు అడిగారు' అని చెప్పదు. నన్నడిగితే మీ సమయంలో ముప్పావు వంతు షీట్ మీద పెట్టాలి.

ముందు ఈ లెక్క చూడండి. గూగుల్ అడిగేది స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతం లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 0.3 శాతం చేరకూడదు. మీ 1,800లో 900 జీమెయిల్ అడ్రసులు ఇన్‌బాక్స్‌కి చేరాయనుకుందాం. అందులో ముగ్గురు స్పామ్ బటన్ నొక్కితే 0.33. ముగ్గురే! చిన్న జాబితాకి ఇది పెద్ద జాబితా కంటే గట్టి పరీక్ష.

ఇక షీట్‌ని మూడుగా విడగొట్టండి. ప్రస్తుత సభ్యులు, లేఖ కావాలని అడిగినవాళ్లు ఒక కట్ట. గడిచిన ఏడాదిలో ఏదో ఒకసారి జవాబిచ్చినవాళ్లు రెండో కట్ట. రిజిస్టర్‌లో రాసినవాళ్లు, ఎక్కడివో తెలియని పాత అడ్రసులు మూడోది. హాజరు కోసం రాసిన ఐడీ లేఖకి అనుమతి కాదు. ఈ మూడో కట్టకి ఒకే ఒక్క మెయిల్ వెళ్లాలి: "మా లేఖ కావాలంటే ఇక్కడ నొక్కండి, నొక్కకపోతే ఇక రాయం." నొక్కనివాళ్లని నిజంగానే వదిలేయాలి. మనసొప్పదు, కానీ మూడేళ్లుగా తెరవని 600 మంది వల్ల తెరిచేవాళ్లకీ లేఖ అందకుండా పోతుంది.

శుభ్రం చేసేటప్పుడు: ముందువెనక ఖాళీలు, ఒకే అడ్రస్ పెద్దక్షరాలతో ఒకసారి చిన్నక్షరాలతో ఒకసారి, జీమెయిల్ స్పెల్లింగ్ తప్పులు, 'ఇన్ఫో', 'అడ్మిన్' లాంటి ఉమ్మడి పెట్టెలు. చేతిరాత నుంచి ఎక్కించినవాటిలో ఒకటి అంకె, ఎల్ అక్షరం తారుమారవుతాయి. షీట్‌ని సీఎస్‌వీ చేసేటప్పుడు 'యూటీఎఫ్-8' అని ఉన్న రకమే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగులో ఉన్న పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. పేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకి మెర్జ్ ట్యాగ్‌లో (ఒక్కొక్కరి పేరు వచ్చి పడే చోటు) బదులు పదం ఇవ్వండి, లేకపోతే "నమస్కారం , గారూ" అని వెళ్తుంది.

బౌన్సుల్లో 5తో మొదలయ్యే కోడ్‌లు శాశ్వతమైనవి, ముఖ్యంగా 550 5.1.1 అంటే ఆ అడ్రసే లేదని. మళ్లీ పంపకూడదు. 4తో మొదలైతే తాత్కాలికం, సర్వీసే మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎస్ఈఎస్‌లో బౌన్సులు 5 శాతం తాకితే ఖాతాని పరిశీలనలో పెడతారు, 10కి ఆపేయొచ్చు. 1,800కి 5 శాతం అంటే 90. పాత షీట్‌లో 90 చచ్చిన అడ్రసులు ఉండటం వింతేమీ కాదు.

చాలామంది చేసే తప్పు ఇంకొకటి. వద్దన్నవాళ్ల వరసలని సర్వీసులోంచి పూర్తిగా చెరిపేస్తారు. ఆర్నెల్ల తర్వాత ఇంకెవరో పాత షీట్ మళ్లీ ఎక్కిస్తారు, వాళ్లంతా తిరిగొచ్చేస్తారు. చెరపకండి, 'అన్‌సబ్‌స్క్రైబ్డ్' స్థితిలోనే ఉండనివ్వండి.

ఒకేసారి పంపడం గురించి: మెయిల్ పంపిన చరిత్రే లేని డొమైన్ కాబట్టి మొదటి రోజు 200, రెండు రోజులాగి 400, ఆ తర్వాత మిగతావి. అక్షరక్రమంలో కాదు, మొదటి కట్టతో మొదలుపెట్టి. ముందు తెరిచి చదివేవాళ్లకి వెళ్తే పేరు నిలబడుతుంది.

మడతకాగితం

అందరికీ ధన్యవాదాలు. సర్వీసు తీసుకుని రికార్డులు పెట్టి నాకు నేనే ఒక మెయిల్ పంపుకున్నాను. జీమెయిల్‌లో 'షో ఒరిజినల్' (మెయిల్ అసలు రూపం చూపేది) చూస్తే ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ ఫెయిల్. రెండూ పాసైనప్పుడు మూడోది ఎలా పోతుంది?

ఇంకొకటి. మా కార్యవర్గంలో 30 మందికి పరీక్షగా పంపితే, పంపిన రెండు సెకన్లలోనే 6 క్లిక్కులు కనిపించాయి. అందులో ఒకరు మెయిల్ ఇంకా తెరవనేలేదంటున్నారు.

గూటిచిలక

పాస్ అన్న మాట పక్కన ఏ డొమైన్ ఉందో చూడండి, మీది కాదు, సర్వీసుది అయి ఉంటుంది. ఎస్‌పీఎఫ్ చూసేది ఫ్రమ్‌ని కాదు, బౌన్సులు తిరిగొచ్చే రిటర్న్‌పాత్ అడ్రస్‌ని, అది సర్వీసు డొమైన్‌లో ఉంటుంది. డీకిమ్ కూడా సర్వీసు తన సొంత సంతకం పెట్టి పాస్ చేయించుకుంది. డీమార్క్‌కి కావాల్సింది ఆ రెండింట్లో కనీసం ఒకటి ఫ్రమ్‌లో కనిపించే డొమైన్‌తో కలవడం. ఇక్కడ ఏదీ కలవలేదు.

సర్వీసు సెట్టింగుల్లో మీ డొమైన్ 'వెరిఫైడ్' అని ఒక్కటే ఉండి, 'అథెంటికేటెడ్' అన్న రెండో మెట్టు పూర్తయి ఉండదు. మొదటిది అడ్రస్ మీదేనని ఒప్పుకోవడం, రెండోది మీ పేరుతో సంతకం చేయడం. నేను పైన చెప్పిన హోస్ట్ గడి ఒకసారి చూడండి, డొమైన్ రెండుసార్లు వచ్చిందేమో. సరిచేశాక సర్వీసులో మళ్లీ చెక్ నొక్కి, ఇంకో మెయిల్ పంపుకుని డీకిమ్ వరసలో మీ డొమైన్ కనపడేదాకా అసలు లేఖ పంపకండి.

జల్లెడ

ఆ రెండు సెకన్ల క్లిక్కులు మనుషులవి కావు. ఆఫీసుల మెయిల్ ఫిల్టర్లు ప్రతి లింకునీ ముందే తెరిచి వైరస్ ఉందేమో చూస్తాయి. అందుకే లింకు తెరవగానే పేరు తీసేసే పాతకాలపు అన్‌సబ్‌స్క్రైబ్ పెట్టకూడదు, ఫిల్టరే జనాన్ని జాబితాలోంచి తీసేస్తుంది. మెయిల్ లోపలి లింకు ఒక పేజీకి వెళ్లి అక్కడ బటన్ అడగాలి. హెడర్‌లో (మెయిల్ పైన మామూలుగా కనపడని వివరాలు) ఉండే ఒక్క నొక్కు అన్‌సబ్‌స్క్రైబ్ మాత్రం గెట్‌తో (లింకు తెరిస్తే వెళ్లే రిక్వెస్టు) కాకుండా పోస్ట్ రిక్వెస్టుతో (బటన్ నొక్కితే వెళ్లేది) పనిచేస్తుంది, ఇంటర్నెట్ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 8058 పెట్టింది ఈ తేడా కోసమే. మీ సర్వీసు అది పెడుతోందో లేదో అదే 'షో ఒరిజినల్'లో 'లిస్ట్ అన్‌సబ్‌స్క్రైబ్ పోస్ట్' అన్న వరస ఉందా అని వెతికితే తెలుస్తుంది.

మెయిల్‌లోని బొమ్మ దిగితే 'తెరిచారు' అని లెక్కేసే ఓపెన్ల సంఖ్యనీ నమ్మకండి. 2021లో ఐఫోన్ మెయిల్‌కి ప్రైవసీ ప్రొటెక్షన్ వచ్చినప్పటి నుంచి మనిషి తెరవకపోయినా బొమ్మలు ముందే దిగుమతవుతాయి, అది ఓపెన్‌గా పడుతుంది. జవాబులు, చేరికలు, నిజమైన క్లిక్కులు చూసుకోండి.

అంచుగీత

లోపలి విషయం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు ముక్కలు. పోస్టర్ లాంటి ఒకే పెద్ద బొమ్మ పంపొద్దు. బొమ్మలు ఆపుకున్నవాళ్లకి ఖాళీ కాగితమే కనిపిస్తుంది. తేదీ, వేళ, చోటు అక్షరాల్లో ఉండాలి, బొమ్మకి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ రాకపోతే దాని చోట కనిపించే మాటలు) ఉండాలి, వెడల్పు 600 పిక్సెల్స్ చుట్టుపక్కల. పీడీఎఫ్ జతచేయకుండా వెబ్‌సైట్‌లో పెట్టి లింకివ్వండి. లింకు కుదించే సైట్లు వాడొద్దు, వాటి డొమైన్లని స్పామర్లు ముందే చెడగొట్టి ఉంటారు.

హెచ్‌టీఎమ్ఎల్ 102 కేబీ దాటితే జీమెయిల్ కింది భాగం కోసేస్తుంది. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉండేది సరిగ్గా ఆ కిందే. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు, అందుకే తెలుగు లేఖ ఇంగ్లీషు లేఖ కంటే తొందరగా బరువెక్కుతుంది. వర్డ్ నుంచి నేరుగా అతికిస్తే దాని చెత్త ట్యాగులు కూడా వచ్చి పడతాయి. ముందు సాదా పాఠంగా మార్చి అతికించండి.

మడతకాగితం

హోస్ట్ గడిలో డొమైన్ రెండుసార్లే ఉంది! సరిచేశాక డీమార్క్ పాస్. మొదటి కట్టలోంచి 200 ఎల్లుండి పంపుతున్నాం. మధ్యలో 421 లాంటి బౌన్స్ కోడ్‌లు వస్తే మిగిలినవాళ్లకి మళ్లీ పంపాలా?

తపాలాబిళ్ల

వద్దు. 421 అంటే 'ఇప్పుడు కాదు, కాసేపాగి రా' అని. సర్వీసు క్యూలో పెట్టుకుని తానే మళ్లీ తలుపు తడుతుంది. మీరు ఇంకోసారి పంపితే కొందరికి రెండు లేఖలు వెళ్తాయి. 200కే అవి ఎక్కువగా వస్తుంటే 400కి వెళ్లకుండా ఒక వారం ఆగండి. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో (జీమెయిల్‌కి వెళ్లే మీ మెయిళ్ల లెక్కలు చూపేది) డొమైన్ చేర్చుకోండి గానీ, జీమెయిల్‌కి వెళ్లే సంఖ్య తక్కువైతే అది చాలా రోజులు ఖాళీగానే కనిపిస్తుంది, కంగారుపడొద్దు.